మొహం చిట్లించినా మారని పాట

మెట్టుగూడ పాతసామాన్ల కొట్లో మా ఆయన ప్రభుదాసుకు ఒక జాజ్ రికార్డు, దాన్ని తిప్పే పెట్టె దొరికాయి. ఒకవైపు పాతకాలపు బాణీ, రెండోవైపు అదే పాట కొత్త పద్ధతిలో. మొదటిది హాయిగా సాగింది. రెండోదానిలో బూర దారితప్పి అరిచింది. అలవాటుగా మొహం చిట్లించాను. ఈ రోజుల్లో ఎవరి చెవిలో వాళ్ల యంత్రం, ఎవరి పాట వాళ్లది. నచ్చక మొహం చిట్లిస్తే చాలు, అదే పాట మార్చేస్తుంది. ఇది మారలేదు.

"పాడైపోయిందేమోనండీ," అన్నాను.

"నేనూ చిట్లించి చూశా. బూర ఏడుస్తానే ఉంది."

"మీక్కూడా బూరే వినపడుతోందా?"

ఆయన తలూపాడు. ఇద్దరం తెల్లమొహాలేశాం. పన్నెండేళ్ల కాపురంలో మేమిద్దరం ఒకే పాట వినడం అదే మొదటిసారి. నచ్చని వైపే మళ్లీ పెట్టమన్నాను.