నాన్‌బోర్డర్

పొద్దున్నే ఏడు గంటలకు వార్డెన్ వెంకటరామయ్య యూనివర్సిటీ హాస్టల్లో ఇరవై ఏడో నంబరు గది తలుపు తట్టాడు. పక్కన నిలబడ్డ తనిఖీ కమిటీ సభ్యుడు, కాంట్రాక్టు లెక్చరర్ శశిధర్‌కు చెమటలు పట్టాయి. ఏడు నెలలుగా ఆ గదిలో దొంగచాటుగా ఉంటున్నది తనే.

మొన్న క్లాసురూములో పైకప్పు పెచ్చులూడి బెంచీల మీద పడింది. అదృష్టం కొద్దీ అది శశిధర్ క్లాసు, బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ భయంతో ప్రిన్సిపాల్ ఆర్డరు వేశారు. పాత హాస్టల్ ఇంతమందిని మోయలేదు, సీటు లేకుండా తలదాచుకుంటున్న నాన్‌బోర్డర్లందరినీ ఖాళీ చేయించాలి, వాళ్ళను గదిలో పెట్టుకున్నవాడి సీటు కూడా రద్దు చేయాలి.

శశిధర్ రోజూ వెనక గోడ సందులోంచి బయటపడి, నాచారంలో ఇల్లున్నట్టు మెయిన్ గేటులోంచి మళ్ళీ లోపలికొచ్చి, "ఈ నాచారం బస్సులున్నాయే..." అని నుదురు తుడుచుకునేవాడు. తెలంగాణ బందు రోజుల్లో మాత్రం ఏ బస్సు పేరు చెప్పాలో తోచేది కాదు. పిల్లలకు నివాస హక్కు మీద పాఠం చెప్పే మనిషి. తలుచుకున్నప్పుడల్లా తనకే నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు.

తలుపు తెరిచిన ఉప్పలయ్య శశిధర్ శిష్యుడే. మంచం కింద చుట్టిపెట్టిన పరుపును వార్డెన్ కాలితో బయటికి లాగాడు.

"ఇదెవరిదయ్యా?"

"మా మామది సార్. ఊరినుంచి వచ్చిండు, పొద్దుగాలనే పోయిండు."

"ఏం చేస్తాడు మీ మామ?"

ఉప్పలయ్య శశిధర్ వైపు చూడకుండా అన్నాడు. "ఏదో సదువు జెప్తడు సార్. జర అమాయకుడు. జెప్తే ఎవ్వరు వినరు."

శశిధర్ గొంతు సవరించుకున్నాడు. తన గురించి ఇంత సరిగ్గా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"మామో బావో, పెట్టుకున్నావుగా. నీ సీటు రద్దు." వార్డెన్ కాగితం రాసి శశిధర్ చేతికిచ్చాడు. "మీరూ ఒక సంతకం పెట్టండి."

ఉప్పలయ్య పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. సీటు పోతే పుస్తకాలు సర్దుకుని ఊరెళ్ళిపోవడమే. అయినా వాడు వంగి పరుపును మళ్ళీ మంచం కిందికి తోశాడు. శశిధర్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. చివరికి ఉద్యోగం మీద ఆశ వదులుకుని గట్టిగా అన్నాడు.

"ఆ మామను నేనే సార్. నాకు నాచారంల ఇల్లు లేదు, ఏం లేదు. ఉప్పల్‌ల అడిగిన, నాచారంల అడిగిన. కాంట్రాక్టు లెక్చరర్‌నంటే గది ఇస్తలేరు. పిల్లగాని సీటు తీయకుండ్రి, నన్ను తీసేయుండ్రి."

వెంకటరామయ్య గబుక్కున తలుపు మూశాడు. కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు.

"మెల్లగా మాట్లాడండి శశిధర్ గారూ. స్టాఫ్ క్వార్టర్లన్నీ కురుస్తున్నాయి, పక్క గదిలో ప్రిన్సిపాల్ గారు ఇంకా నిద్ర లేవలేదు."