బుధవారం రిజిస్ట్రేషన్

ఆ మనిషి వచ్చీ రాగానే తడి సున్నం మీద అరచెయ్యి ఆనించాడు.

“అయ్యో, చెయ్యి తియ్యి పెద్దాయనా! ఇప్పుడేగా పూత వేసింది!” నిచ్చెన మీదనుంచి అరిచాడు దర్జీ.

ఆ మనిషి ఉలిక్కిపడి చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. ఎండుపుల్లలా ఉన్నాడు. గేటు దాటి నాలుగడుగులు వేసినందుకే రొప్పుతున్నాడు.

“ఈ ఇల్లు కొంటున్నాయన ఉన్నాడా నాయనా?”

దర్జీ చేతిలో కుంచె, తలకు తుండుగుడ్డ, ఒంటినిండా సున్నపు చుక్కలు. తనను కూలివాడనుకుంటున్నాడని అర్థం కావడానికి క్షణం పట్టింది.

నేనే అనబోయి ఆగాడు.

బయానా ఇచ్చి, సున్నం వేసుకోవడానికని తాళం తీసుకుని ఇరవై రోజులైంది. బుధవారం రిజిస్ట్రేషన్. ఈలోగా ఎవడో వచ్చి బేరం తన్నుకుపోతాడని అతనికి కంటిమీద కునుకు లేదు. పదకొండేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాడు. మారినప్పుడల్లా కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని తను ముందు, మూటలతో భార్యా ఇద్దరు ఆడపిల్లలూ వెనుక. ఏడోసారి మొయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు.

“ఆయన ఊళ్లో లేడు.”

“ఎప్పుడొస్తాడు?”

“నాకు చెప్పి వెళ్తాడా ఏంటి?”

“పోనీ, రిజిస్ట్రేషన్ ఎప్పుడో తెలుసా?”

దర్జీ నిచ్చెన మెట్టు దిగాడు.

“నీకెందుకది?”

“ఆ రోజు నేనూ ఉండాలి. అమ్మేవాళ్లతో మాత్రం నేనొచ్చానని అనకు నాయనా. తెలిస్తే దగ్గరికి రానివ్వరు.”

ఇంకేముంది, అనుకున్నంతా అయింది.

“శుక్రవారం,” అన్నాడు దర్జీ. “పొద్దున పదింటికి.”

“చల్లగా ఉండు,” అని ఆ మనిషి గోడ పట్టుకోబోయి, సున్నం గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుని, మెల్లగా వెళ్లిపోయాడు.

లోపల గచ్చు కడుగుతున్న భార్య బయటికొచ్చింది.

“ఎవరు?”

“బ్రోకరు. వాసన పట్టి వచ్చాడు. శుక్రవారం రమ్మని సాగనంపా.”

“బ్రోకరా? తెగిన చెప్పుకి దారం కట్టుకున్నాడు పాపం.”

“అవన్నీ వేషాలు. నీకు తెలీదు.”

“నాకేం తెలుస్తుందిలే. నీ నెత్తిన ఉన్న సున్నం దులిపితే వంటిల్లు కూడా అయిపోతుందని మాత్రం తెలుసు.”

మంగళవారం లాయరు కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు.

“ఇరుగుపొరుగును అడిగావా? పాత యజమానికి ఎంతమంది పిల్లలని?”

“అడిగానండీ. ఈ ఇద్దరన్నదమ్ములే.”

అతను ఎవర్నీ అడగలేదు. అడిగితే ఇల్లు అమ్మకానికుందని వీధంతా పాకుతుందని భయం.

“మేమిద్దరమే వారసులమని ప్రమాణపత్రం ఇచ్చారులే. కానీ అది వాళ్ల మాటే కదా. ఇంటి దగ్గరికి ఎవరైనా వచ్చి, ఏదైనా అన్నారా?”

“లేదండీ.”

“వస్తే, పిచ్చివాడైనా సరే, చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకురా. ఒక్క సంతకంతో పోయేది కోర్టు దాకా పాకుతుంది.”

“అట్లాగేనండీ.”

బుధవారం సంతకాలయ్యాయి. శుక్రవారం పొద్దున పదింటికి దర్జీ సొంత ఇంటి కిటికీ పక్కన మిషను వేసుకుని, ఈల వేస్తూ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఏడాది తిరక్కుండా కోర్టు నుంచి నోటీసు వచ్చింది.

లాయరు గదికి పరుగెత్తాడు. బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్లో నాలుగేళ్ల పిల్ల, పక్కన ఇంకాస్త పెద్ద పిల్లాడు.

“పాత యజమానికి ముగ్గురు కొడుకులయ్యా,” అన్నాడు లాయరు. “ఈవిడ పెద్దకోడలు. పెద్దవాడు తండ్రితో పడక ఎప్పుడో ఇల్లు విడిచి వెళ్లాడు. నీ రిజిస్ట్రేషన్ నాటికి బతికే ఉన్నాడు. తర్వాత నెల్లాళ్లకు పోయాడు.”

“అయితే ఏంటి సార్?”

“అయితే ఏంటా? మూడో వంతు నువ్వు కొననే లేదు. అదిప్పుడు ఈవిడదీ, ఈ పిల్లలదీ. పిల్లల వాటా వదులుకునే హక్కు తల్లిక్కూడా లేదు, కోర్టు ఒప్పుకోవాలి. నీకు అమ్మిన ఇద్దరూ ఇళ్లకు తాళాలేసి ఎటో పోయారు.”

“ఇల్లు నిలుస్తుందా?”

లాయరు కళ్లజోడు తీశాడు.

“పిల్లల తరఫున పంపకం అడుగుతున్నారు. రెండు గదులను మూడు వాటాలుగా ఎలా కోస్తారు? వేలమేస్తారు.”

దర్జీ ఆవిడ మీదికి తిరిగాడు.

“ఏమ్మా, మీ ఆయన బతికుండగా ఏం చేస్తున్నాడు? ముందే వచ్చి ఒక్క మాటంటే మేం కొనేవాళ్లమే కాదుగా!”

“వచ్చాడన్నా.” ఆవిడ గొంతులో కోపం లేదు. “సున్నం వేసే అతనెవరో శుక్రవారమన్నాడట. శుక్రవారం జ్వరంతోనే మళ్లీ బస్సెక్కి వెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఇంటికొచ్చి మంచం పట్టినవాడు మళ్లీ లేవలేదు.”

ఆ మంగళవారం సున్నం అంటి ఉన్న దర్జీ చేతుల వంక చూశాడు లాయరు. తర్వాత మొహం వంక చూశాడు.

“వాటా కోసమేగా వచ్చింది,” అన్నాడు దర్జీ, ఆ మాటైనా నిజం కావాలన్నట్టు.

“కాదన్నా,” అంది ఆవిడ, పిల్ల తల నిమురుతూ. “ఎవరో ఆడపిల్లలు గలవాడు కొంటున్నాడట, నా సంతకం లేకపోతే రేపు వాళ్లు వీధిన పడతారు, నాకు చిల్లిగవ్వ వద్దు, ఊరికే సంతకం పెట్టి వస్తానని బయల్దేరాడు.”