ధనుష్కోడి ముద్ర

కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే వెంగటసామికి పాత స్టాంపుల పిచ్చి. 1998లో ఒక ముసురు సాయంత్రం కరెంటు పోతే, టార్చి వెలుగులో తాత పంపిన కవరు తీశాడు. అమ్మకి నాలుగేళ్ళప్పుడు రబ్బరు తోటల పనికని మలయా దేశంలోని పినాంగు వెళ్ళిన ఆ తాత మళ్ళీ రాలేదు. వచ్చింది ఈ ఒక్క కవరే.

ఇంగ్లీషు రాజు తల ఉన్న స్టాంపు మీద పినాంగు తపాలా ముద్ర. వెనకవైపు, దారిలో కొలంబోలో కొట్టిన ముద్ర. ఇన్నేళ్ళుగా అతను చూసినవి ఆ రెండే. ఇవాళ మూడోది ఉంది. ధనుష్కోడి. సింహళం నుంచి వచ్చే ఓడలు ఆగే ఆ రేవు ఊరు తుపానులో సముద్రంలో కలిసిపోయి ముప్పై ఏళ్ళు దాటింది.

తాకి చూశాడు. సిరా వేలికి అంటుకుంది.

చూస్తుండగానే కవరు మూలన ఇంకో గుండ్రటి ముద్ర నెమ్మదిగా నల్లబడింది. కోవిల్‌పట్టి. తేదీ ఇవాళ్టిదే.

బయట తిన్నె మీద అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది.

"ఎవురమ్మా అక్కడ?"

"మా నాయన వచ్చిండాడురా!" అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "పావం, నిలువెల్లా తడిసిండాడు. తుడుసుకోను గుడ్డ తే."

"అమ్మా, నువ్వు లోపలికి రా. బిరీన రా!"

"నేనెందుకురా? ఆయనే వస్తా ఉండాడు, నిన్ను చూడాలంట."

వాన ఎప్పుడో ఆగిపోయింది. తడి కాళ్ళ చప్పుడు మాత్రం గడప దాటింది. చూసే ధైర్యం లేక వెంగటసామి టార్చి ఆర్పేశాడు.

చప్పుడు అతని ఎదురుగా వచ్చి ఆగింది.