మూడు రంగుల సైన్యం

“ఈసారన్నా నా సేనాపతికి ఎర్ర శాలువా వెయ్యన్నా,” అంటూ దీప్తి బొటనవేలంత సైనికుడి బొమ్మను అన్న ముందు పెట్టింది.

బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల ఆటంటే ఆ అన్నాచెల్లెళ్లకు పిచ్చి. ప్రొద్దుటూరులో ఆ ఆట ఆడేవాళ్లు వేరే లేక, వాళ్లకు వాళ్లే జోడీ. బొమ్మలకు రంగులు వేసేది మాత్రం ఎప్పుడూ అన్న ఓబులేసే. కొన్నాళ్లుగా అతను తెలుపు, నలుపు, పసుపు తప్ప మరో రంగు ముట్టడం లేదు.

“మూడు రంగులు సాల్లే మే. అదొక అందం.”

“నాకొద్దా అందం. ఎరుపే కావాల.”

ఓబులేసు తటపటాయించి, పేర్లు చెరిగిపోయిన సీసాల్లోంచి ఒకటి తీశాడు. సన్నని కుంచెతో శాలువా అంచులు దాటకుండా రంగు నింపాడు.

దీప్తి నవ్వబోయి ఆగిపోయింది. శాలువా ఆకుపచ్చగా ఉంది. ఆటపట్టిస్తున్నాడేమోనని అన్న ముఖంలోకి చూసింది. అతను ఆమె మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు.

“బాగుందా?”

“శానా బాగుందన్నా.” దీప్తి చూపు పక్కకు తిప్పుకుంది.

ఓబులేసు కుంచె కింద పెట్టాడు. “ఎరుపు కాదు కదా?”

“రేపే కంటి డాక్టరు కాడికి పోదాం పా.”

“పోయొచ్చినా. చూపు మెల్లగా పోతాదంట. ముందు రంగులు పోతాయన్న్యాడు. ఈ మూడూ ఇంకా తెలుస్తాండాయి మే. ఇవి కూడా పోకముందే నీ సైన్యం పూర్తి చేయాలని కూచున్న్యా.”

దీప్తి రంగు వేయని మరో సైనికుణ్ణి తీసి అన్న చేతిలో పెట్టి, పసుపు సీసా మూత తీసింది.