వెనక తలుపు

“అర్ధరాత్రి మా దొడ్డిదారిన నీకేం పనే? నోరు పెగలదేం?” వుంబే గద్దించాడు.

తలాతా తలెత్తింది. వుంబే పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ. వేపచెట్టు కింద ఊరంతా గుమిగూడి ఉంది. మధ్యలో గొర్రెతోలు మీద కూర్చున్నది వుంబే తండ్రి నపారి, ఆ ఊరి భూమికి పూజారి. ఎవరు మంత్రగత్తో తేల్చే కత్తి ఆయన చేతిలోనే ఉండాలి. ఆయన మాత్రం పట్టపగలు కునికిపాట్లు పడుతున్నాడు.

“నేనొచ్చింది మీ నాన్న కోసమే నాయనా. ఆయన...”

“విన్నారా! దాని నోటితోనే ఒప్పుకుంది!” ఆమెను మాట పూర్తి చెయ్యనిస్తేనా వుంబే! “ఏడాదిగా మా నాన్న బుర్రని కొరుక్కు తింటోందిది. పగలంతా నిద్ర, రాత్రంతా జాగారం. కన్నకొడుకు పేరే గుర్తులేదాయనకి!”

ఆస్పత్రి నర్సు అప్పటికీ చెప్పి చూసింది. వయసు మీద పడ్డాక కొందరికి మెదడు అరిగిపోతుందని, పగలూ రాత్రీ తెలిపే గడియారం లోపలే తిరగబడుతుందని, ఆయన మీద ఓ కన్నేసి ఉంచమని. “బుర్రలో గడియారమా, నీ మొహం!” అని కొట్టిపారేశాడు వుంబే. కానీ తండ్రి “నువ్వెవరబ్బాయ్?” అని అడిగిన ప్రతిసారీ వాడి గుండె తరుక్కుపోయేది. నాన్న మళ్లీ నాన్నలా కావాలి. వాడికి కావలసింది అంతే.

నపారి కళ్లు తెరిచాడు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి మొహం విప్పారింది.

“తలాతా! పొద్దుపోయింది, పోదామా?”

ఎండ నడినెత్తిన మాడ్చేస్తోంది. జనంలో కలకలం లేచింది.

“ఎక్కడికి తీసుకుపోతుందట?”

“ఇంకెక్కడికి, కాటికే!”

వుంబేకి ఒళ్లు మండిపోయింది. కొడుకు పేరు మరిచిన నోట దీని పేరా!

కోడిని తెచ్చారు. గొంతు కోసి వదిలితే వెల్లకిలా పడి చావాలి. బోర్లా పడిందా, మంత్రగత్తే. నపారి కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం పండగర్రా ఇవాళ?”

 వుంబే ఆయన చేతిని తన గుప్పిట్లో బిగించి పట్టుకుని తనే కోశాడు. కోడి కాసేపు గిలగిల్లాడి బోర్లా పడింది.

తలాతా ఏడవలేదు. చిన్న మూటొకటి చంకన పెట్టుకుంది. మంత్రగత్తెలని వెలివేసిన ఆడవాళ్లుండే ఊరికి చీకటి పడేలోగా చేరుకోవాలి. వుంబే దగ్గరికొచ్చి ఆగింది.

“రాత్రిళ్లు మీ వెనక తలుపుకి గొళ్లెం పెట్టుకో నాయనా. మరిచిపోకు.”

“నువ్వే పోతుంటే ఇంకా గొళ్లెం ఎందుకే?”

అందరూ పగలబడి నవ్వారు. ఆ రాత్రి, ఎన్నాళ్ల తర్వాతో, వుంబే ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

తెల్లారి లేచేసరికి తండ్రి చాప ఖాళీగా ఉంది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

వెతుక్కుంటూ పశువులు నీళ్లు తాగే కుంట దగ్గరికి పరిగెత్తాడు. గట్టు మీద, ఊరూరా ఆవుల్ని తోలుకు తిరిగే ఫులాని తెగ కాపరి ఒకడు నిలబడి ఉన్నాడు. అతని చేతిలో నపారి టోపీ. నీళ్లలోంచి లాగిన శవానికి తన దుప్పటే కప్పాడు. వుంబే అక్కడే కూలబడ్డాడు.

“నా ఆవు ఈనుతుంటే అవతలికి పోయానన్నా, లేకపోతే నేనైనా పట్టుకుందును,” అన్నాడు కాపరి కళ్లు తుడుచుకుంటూ. “రోజూ రాత్రి ఈ గట్టు దాకా వచ్చేస్తాడు, పాపం. ఆ ముసలావిడ వెనకే వచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయేది. నిన్న రాలేదేం, ఆవిడకి ఒంట్లో బాగోలేదా?”