అంతర్వేది దాకా గాలి

తెల్లవారుతుండగానే మాణిక్యం షెడ్డులోని ఎర్ర స్పోర్ట్స్ కారును తుడిచింది. అస్థికల కుండను ఇంట్లోకి తేకూడదు గనుక మొన్నటి నుంచీ ఆమె భర్త ప్రభాకరం అక్కడే ఉన్నాడు. ఇప్పుడా కుండను ముందు సీటులో పెట్టి బెల్టు బిగించింది. నీళ్ళ సీసా, పెరుగన్నం డబ్బా, జుట్టు ఎగరకుండా తనకో స్కార్ఫు సర్దుకుంది.

హైదరాబాదు నుంచి అంతర్వేది దాకా, పైకప్పు తీసేసి, మొహానికి గాలి కొడుతుంటే వెళ్ళాలని ఆయన కోరిక. అందుకే ఈ కారు కొన్నాడు. కొన్న ఏడాదే, వడదెబ్బ చావులు ఎక్కువై, చట్టం వచ్చింది. చెప్పిన చోటికి వాటంతటవే వెళ్ళే కార్లు, లోపల మనిషి ఉంటే మాత్రం పైకప్పు తెరవడం మానేశాయి.

మాణిక్యం కుండ పక్కన కూర్చుని, అంతర్వేది రేవుకని కారుకు చెప్పి, పైకప్పు బటన్ నొక్కింది.

“ప్రయాణికులు ఒకరు. పైకప్పు తెరవడం కుదరదు,” అంది కారు.

“ఈ ఒక్కసారికి తియ్యవే తల్లీ!”

కారు మళ్ళీ అదే మాట చెప్పింది.

ఆమె కాసేపు కుండ మీద చెయ్యి వేసి కూర్చుంది. తర్వాత పెరుగన్నం డబ్బా తీసుకుని దిగింది.

“ఏంటమ్మా, దిగిపోయావు?” అంది గుమ్మంలోంచి కూతురు సుహాసిని.

“మీ బాబాయికి ఫోన్ చెయ్యి. రేవు దగ్గర కారు కోసం చూస్తుండమను. కుండ దించుకుని ఆయనే నీళ్ళల్లో కలుపుతాడు.”

“నాన్నని ఒక్కళ్ళనే పంపించేస్తావా?”

“నేనుంటే తియ్యదే.”

స్కార్ఫును కుండ మెడకు చుట్టి ముడేసింది. మళ్ళీ బటన్ నొక్కి, తలుపు మూసి వెనక్కి జరిగింది.

“ప్రయాణికులు ఎవరూ లేరు,” అంది కారు.

పైకప్పు మెల్లగా తెరుచుకుంది.