మేక తిన్న నోటీసు

"గడువు దాటింది కొండల్. ఇంక ఏ అర్జీ పెట్టినా నడవది," అంటూ గుమాస్తా వైకుంఠం కాగితాన్ని కిటికీలోంచి బయటికి తోశాడు.

కొండల్ దాన్ని మళ్లీ లోపలికి తోశాడు. "ఏం గడువు? నకలు ఏమాయెనని అడుగుదామని నేనొస్తే, గడువంటవేంది?"

"రోడ్డు నక్షా నకలు ఇయ్యొద్దని సారు ఎన్నడో రాసిండు. మల్ల చూడుమని పెద్దసారుకు పెట్టుకోవాల్నంటే నెల లోపల రావాలె. నువ్వు రాలే."

"ఇయ్యొద్దన్న సంగతే నాకు తెల్వకపాయె."

"మీ ఇల్లు తాళమేసి ఉండె. నెలన్నర కింద బేస్తారం పొద్దూకినంక మా జవాను నోటీసును నీ గోడకు అతికిచ్చి వచ్చిండు. కాయిదా ప్రకారం నీకు అందినట్టే."

శాలిబండలో బస్సులు తిరిగే మూల మీద కొండల్‌ది ఒకటే అర్ర. పెండ్లాం, ముగ్గురు పిల్లలు అందులోనే. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ అర్ర పోతుందని గోడ మీద ఎర్ర గుర్తు పెట్టి పోయారు. పక్కనున్న షావుకారు కొట్టును కాపాడటానికే గీతను వంకర తిప్పారని అతని అనుమానం. నకలు చేతికొస్తే ఆ సంగతి తేలేది. అవి ఎమర్జెన్సీ రోజులు. ఆఫీసులో గొంతు లేపేవాళ్లు లేరు. కొండల్ లేపాడు.

"నా గోడ మీద ఏమున్నదో నాకు తెల్వదా? నోటీసు లేదు, మన్ను లేదు. షావుకారు తాన తిని నోటికొచ్చింది చెప్తున్రు."

తలుపు దగ్గర నిలబడ్డ జవాను రాజన్న ముందుకొచ్చాడు. "నా బిడ్డ మీద ఒట్టు అన్నా. నీ తలుపు పక్కన, నా చేతులతోని పెట్టిన."

కొండల్ టాకీసువాళ్లకు పోస్టర్లు అతికించేవాడు. మైదా లై జిగురు బకెట్టు సైకిలుకు తగిలించుకుని చీకటితో బయలుదేరితే, తన ఇంటి గోడ మొదలు సైదాబాద్ దాకా గోడలన్నీ అతనివే. వేరేవాళ్లు అతికిస్తే హీరోయిన్ మొహం మీద బుడగలు లేచేవి. కొండల్ బ్రష్షు తిరిగిన చోట బుడగ ఉండేది కాదు. ఆ మాట అతను కల్లు కాంపౌండులో చెప్పుకోని రోజు లేదు.

మండిపోతూ ఇంటికొచ్చేసరికి, గోడ మీది కొత్త సినిమా బొమ్మ అంచును ఎదురింటి దర్జీ దస్తగీర్ మేక నాకుతోంది.

"దస్తగీర్! నీ మేక నా ఇల్లు మింగింది."

దస్తగీర్ కుట్టుమిషను ఆపి బయటికొచ్చాడు. "క్యా హువా భాయ్? కూసో, చాయ్ తాగు."

"చాయ్ నీ మేకకు తాపు. నెలన్నర కింద బేస్తారం నాడు ఆఫీసోళ్లు పెట్టిన నోటీసు తిన్నది."

"పొద్దూకితె అది ఇంట్లనే కట్టేసి ఉంటది. తెల్లారి జుమ్మా పొద్దుగాలనే ఇడిసి ఉంట."

"గదే. ఇడిసినంక తిన్నది. జుమ్మా జుమ్మాకు నేను కొత్త బొమ్మ పెడితే, మల్ల జుమ్మా దాక ఏనాడన్న నిండుగ ఉంచిందా?"

"గంత ఎత్తుల కాయితం దానికి ఎట్ల అందుతది?"

"నీ మేక బస్సు మీదికి గూడ ఎక్కుతది."

కొండల్ పెండ్లాం కృష్ణమ్మ అడ్డమొచ్చింది. "ఊకో జర. అవతల ఆయన బిడ్డ కుల్సుమ్ బాలింత. ఆ పోరనికి గా మేక పాలే దిక్కు."

"ఆయన మనుమనికి పాలు. నా పోరగాండ్లకు రోడ్డా?"

దస్తగీర్ తల దించుకున్నాడు. మరునాడు తనే కొండల్‌ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయి, తప్పు తన మేకదేనని, గడువు మన్నించమని పెద్దసారు ముందు చేతులు కట్టుకుని చెప్పాడు. పెద్దసారు నవ్వాడు. ఆఫీసంతా నవ్వింది.

"రేపు మేకను గూడ తీస్కరా. సాక్ష్యం చెప్తది," అన్నాడు వైకుంఠం.

ఆ సాయంత్రమే దస్తగీర్ మేకను కసాయివాడికి అప్పజెప్పాడు. కుల్సుమ్ పసిగుడ్డును చంకనేసుకుని గడపలో ఏడుస్తోంది. కొండల్ చూసి మొహం తిప్పుకున్నాడు.

"మంచిగయ్యింది," అన్నాడు.

వారం తిరగకముందే గడ్డపారలు వచ్చాయి. పిలవకున్నా దస్తగీర్ వచ్చి కృష్ణమ్మ బోళ్లన్నీ తన ఇంట్లోకి చేరవేశాడు. కొండల్ మాత్రం ఆఫీసునూ, షావుకారునూ, చచ్చిన మేకనూ కలిపి తిడుతూనే ఉన్నాడు.

గోడ కూలింది. ఏళ్ల తరబడి పొర మీద పొరగా పేరుకున్న పోస్టర్లు అట్టలా ఊడి, దస్తగీర్ కాళ్ల దగ్గర పడి చీలిపోయాయి. సగం లేచిన ఒక బొమ్మ కింద ఆఫీసు ముద్ర కనిపించింది. నోటీసు. దానికి మేక పన్ను తగల్లేదు. మూల కూడా నలగలేదు.

"చూసినవా, లంగ దొంగలు. గీడ దాసిన్రు," అన్నాడు కొండల్. "దాసినోని చెయ్యి ఇరగ."

దస్తగీర్ నోటీసుకు ఇంకా అతుక్కునే ఉన్న సగం బొమ్మను అరచేత్తో మెల్లగా నిమిరి, అట్టను కొండల్ ముందుకు జరిపాడు.

ఎక్కడా ఒక్క బుడగ లేదు.